గురి తప్పిందన్నవాళ్ళ చలవ

ఆయన కుడి కన్ను ఇవాళ్టికీ చూస్తోందంటే అందులో చుక్కల మందు వాటా కొంత, డాక్టరమ్మ వాటా కొంత. పెద్ద వాటా మాత్రం ఆయన చేసిన ఆటను ఆడి, బాగాలేదని నిర్మొహమాటంగా చెప్పిన కొందరు ముక్కూ మొహం తెలియని మనుషులది. వాళ్ళు పోనీలే అని ఊరుకుని ఉంటే ఆ కన్ను చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయేది. కంటి మీద బతికే మనిషికి అంతకంటే పోయేదేముంటుంది? ఈ సంగతి ఆయన అడిగినవాళ్ళకు చెబుతాడు, అడగనివాళ్ళను కూర్చోబెట్టి మరీ చెబుతాడు.

వీధిలో అందరూ ఆయన్ని అద్దాలాయన అంటారు. కళ్ళజోళ్ళ షాపులో గల్లాపెట్టె వెనక చిన్న తలుపు ఉంది. అది తోసుకుని వెళితే, ఇద్దరు నిలబడ్డాక మూడో మనిషి గుమ్మంలోనే ఆగిపోవలసినంత గది. ఆయన మర అక్కడే. గుండ్రంగా వచ్చిన అద్దాన్ని ఫ్రేము ఆకారానికి అరగదీసి, అంచులు నునుపు చేసి, బిగించి ఇవ్వడం ఆయన పని. అద్దం వేడెక్కకుండా మర మీద నీళ్ళు కారుతూనే ఉంటాయి, తెల్లటి బురద తొట్టెలోకి జారుతూనే ఉంటుంది. సాయంత్రానికి ఆయన ముంజేతులు సున్నం వేసేవాడి చేతుల్లా తయారవుతాయి.

చెయ్యి ఎంత స్థిమితమో నోరు అంత చురుకు. ఎవరైనా కళ్ళజోడు మీద కూర్చుని దాన్ని వంకర చేసి తెస్తే, "ఇది మీ ముక్కు మీద కూర్చోవాల్సిందండీ. మీరే దాని మీద కూర్చుంటే అది ఎక్కడికి పోతుంది?" అంటాడు. వాళ్ళ నవ్వు అయ్యేలోపు సరిచేసి చేతిలో పెడతాడు.

షాపులో చూపు పరీక్ష చేసే కుర్చీ ఒకటి ఉంది, దాని ఎదురుగా అక్షరాల పలక. ఇన్నేళ్ళలో ఆ కుర్చీని ఆయన తుడిచాడు, కీళ్ళకు నూనె వేశాడు, ఊడిన చెయ్యి బిగించాడు. దాంట్లో కూర్చున్నది మాత్రం లేదు. యాభై దాటాక పేపరు చదవడానికి అద్దాలు కావలసి వస్తే సొరుగులోంచి ఒకటి తీసి, ఫరవాలేదనిపించి, తగిలించేసుకున్నాడు. దీపం కిందే చీకటి.

ఆయన్ని ఆటల్లోకి లాగింది బావమరిది. అంటే భార్య తమ్ముడు. ఒక కొరియర్ ఆఫీసులో పార్సెళ్ళు ఎక్కడున్నాయో చూపించే ప్రోగ్రాములు రాయడం అతని ఉద్యోగం. ఆటలు తయారుచేయడం పిచ్చి. తలకు తొడుక్కునే హెడ్‌సెట్ ఒకటి కొనుక్కున్నాడు. అది పెట్టుకుంటే కళ్ళ ముందు గది మాయమై ఇంకో చోటు కనిపిస్తుంది, తల ఎటు తిప్పితే అటు. దాన్నే వీఆర్ అంటారు. చిక్కేమిటంటే, దాన్ని పెట్టుకున్న కాసేపటికే అతనికి కళ్ళు తిరిగి కడుపులో దేవేస్తుంది.

ఒక శుక్రవారం సాయంత్రం అతను ఆ పెట్టె చంకన పెట్టుకుని అక్క ఇంటికి వచ్చాడు.

"బావా, గేమ్ జామ్‌లో పేరిచ్చాను. నువ్వు కూడా చెయ్యాలి."

"జామ్ ఏంట్రా? రొట్టెకి రాసుకునేదా?"

అతను విడమరిచాడు. శుక్రవారం ఒక మాట ఇస్తారు. ఆ మాట పట్టుకుని ఆదివారం సాయంత్రంలోగా ఒక ఆట తయారుచేసి అందరి ముందూ పెట్టాలి. బహుమతి అంటూ ఏమీ ఉండదు. పాల్గొన్నవాళ్ళు ఆ తర్వాత ఒకరి ఆట ఒకరు ఆడి, దాని కింద అభిప్రాయం రాస్తారు. ఆ అభిప్రాయాలే కూలి, అవే బహుమానం.

"ఈసారి మాట తిరుగుబాటు. నేను రాస్తాను బావా. కానీ లోపలికి వెళ్ళి ఎలా ఉందో చూసి చెప్పడానికి మనిషి కావాలి. నీకు ఏ బస్సెక్కినా కళ్ళు తిరగవు కదా."

"అంటే వండేది నువ్వు, తినేది నేను."

"నువ్వు తిని బతికితే ఊరందరికీ వడ్డిద్దాం."

తిరుగుబాటు ఎవరిది అన్న ప్రశ్నకు జవాబు వంటింట్లోంచి వచ్చింది. అద్దాలాయన భార్య గిన్నెలు తోముతూ ఒక మూత జారవిడిచింది. అది గచ్చు మీద గింగిరాలు తిరుగుతూ ఎంతకీ ఆగలేదు. బావా బావమరిదీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆట అక్కడే పుట్టింది. పేరు 'గిన్నెల తిరుగుబాటు'. ఆడే మనిషి ఒక వంటింట్లో తుపాకీతో నిలబడి ఉంటాడు. తోమించుకుని తోమించుకుని విసుగెత్తిన గిన్నెలు, కప్పులు, మూతలు అలమరల్లోంచి ఎగిరి మీదికి వస్తాయి. తుపాకీ కొసన ఎర్ర చుక్క ఉంటుంది. ఆ చుక్కను గిన్నె మీద ఉంచి కాల్చాలి.

చప్పుళ్ళ కోసం నిజం పళ్ళేలు పగలగొట్టాలన్నాడు బావమరిది.

"పగలగొట్టడానికి నా ఇల్లే దొరికిందిరా? మీ ఇంట్లో పళ్ళేలు లేవూ?" అంది అక్క.

"ఉన్నాయక్కా. అన్నీ ప్లాస్టిక్‌వి. చప్పుడు చప్పగా ఉంటుంది."

అంచులు విరిగినవి ఏరి ఇచ్చింది. అతను వాటిని భయం భయంగా విసురుతుంటే చూసి చూసి, "జరుగు, నీకు పగలగొట్టడం కూడా రాదు" అని అన్నిట్లోకీ పెద్దది తనే తీసుకుని గోడకేసి కొట్టింది. ఫోనులో రికార్డు చేసిన చప్పుళ్ళలో అదే బాగా వచ్చింది.

ఆదివారం పొద్దునకు ఆటకు ఒక రూపం వచ్చింది. అద్దాలాయన హెడ్‌సెట్ తొడుక్కుని, దానితో వచ్చిన చేతి మీటను తుపాకీలా పట్టుకుని, ముందుగదిలో కుర్చీలు గోడకు జరిపించి, కాల్చడం మొదలుపెట్టాడు. ఒక్కటీ తగల్లేదు.

"ఒరేయ్, గుండు ఎడమకి పోతోంది."

"లెక్క ప్రకారం తిన్నగానే పోతోంది బావా."

"చుక్క గిన్నె మీదే ఉంది. గుండు పక్కనుంచి పోతోంది. నేను లోపల నిలబడి చూస్తున్నాను, నువ్వు బయట కూర్చుని చెబుతున్నావు."

బావమరిది తనే లోపలికి వెళ్ళి చూద్దామంటే కడుపు ఒప్పుకోదు. పైగా వెంట్రుకవాసి తేడాను పట్టుకోవడం బావ వృత్తి. గుండు దారిని కొద్దిగా కుడికి తిప్పాడు. "ఇంకొంచెం" అన్నాడు అద్దాలాయన. ఇంకొంచెం తిప్పాడు. అప్పటినుంచి కప్పు వస్తే కప్పు, మూత వస్తే మూత, వచ్చింది వచ్చినట్టు పగిలింది. ఆయన తృప్తిగా హెడ్‌సెట్ తీసి, "ఇప్పుడు కుదిరింది" అన్నాడు. ఆ సాయంత్రం ఆట అందరి ముందుకూ వెళ్ళింది.

తర్వాత కొన్నాళ్ళు ఎవరూ రాలేదు. హెడ్‌సెట్ ఉన్నవాళ్ళే తక్కువ, వాళ్ళలో ఓపిక ఉన్నవాళ్ళు ఇంకా తక్కువ. ఇలాంటి చోట ఒక మర్యాద ఉంది. నువ్వు నా ఆట ఆడి రాస్తే నేను నీది ఆడి రాస్తాను. బావమరిది ఆఫీసు నుంచి రాగానే ఇతరుల ఆటల్లో హెడ్‌సెట్ అక్కర్లేనివి ఆడి, ఒక్కొక్కదాని కింద నాలుగు మంచి మాటలు, రెండు పనికొచ్చే మాటలు రాసి వచ్చేవాడు. ఎదురు వడ్డన మెల్లగా మొదలైంది. అక్కావాళ్ళ ముందుగదిలో కూర్చుని ఫోనులో చూస్తూ పైకి చదివేవాడు.

'కిటికీ పిల్లి' అనే పేరుతో ఒకరు రాశారు: "నవ్వాగలేదు. కానీ గుండు కుడివైపు పోతోంది. ఒక్క కప్పు కూడా పగలగొట్టలేకపోయాను."

ఇంకొకరు: "పళ్ళెం పగిలిన చప్పుడు అద్భుతం. ఎవరు చేశారో వారికి నా నమస్కారం. గురి మాత్రం ఘోరం."

"విన్నారా? నమస్కారం నాకు," అంది అక్క భర్తకేసి చూస్తూ. "ఘోరం ఎవరికో మీరే చెప్పుకోండి."

ఒక్కరు మాత్రం, "ఇంత చక్కగా గురి కుదిరిన వీఆర్ ఆట నేను ఇంతవరకూ ఆడలేదు" అన్నారు. అద్దాలాయన ఆ ఒక్కదాన్నీ రెండుసార్లు చదివించుకున్నాడు. కానీ దాని వెంటే మళ్ళీ కుడికి పోతోందన్నవాళ్ళే వరసపెట్టి వచ్చారు.

"ఇంతమంది ఒకే మాట అంటున్నారు బావా. తిన్నగా పెట్టేస్తాను."

"పెట్టు. పెట్టి, నేను చేసింది తప్పని కూడా రాసిపెట్టు. వాళ్ళకి తుపాకీ పట్టుకోవడం రాక నా మీద పడితే నేనేం చెయ్యను?" అతను అప్పటికి ఆగాడు కానీ, వచ్చినప్పుడల్లా అదే మాట ఎత్తేవాడు.

ఆయనకు కష్టం కలిగించింది ఆట కాదు. మిగతా అన్నిటినీ మెచ్చుకుని, తాను సరిచేసిన ఆ ఒక్కదాన్నే అందరూ వేలెత్తి చూపిస్తున్నారు. అద్దం అరగదీసి పంపితే కొలత తప్పిందని వెనక్కి వచ్చిన రోజు ఆయనకు జ్ఞాపకం లేదు. చివరికి 'ముసలి నక్క' అనే మనిషి "కుడికి పోతోంది, దయచేసి చూడండి" అని రాస్తే, ఉండబట్టలేక ఫోను లాక్కుని తనే టైపు చేశాడు: "గురి సరిగ్గానే ఉంది. మీరు సరిగ్గా పట్టుకోండి."

బావమరిది తల పట్టుకున్నాడు. "ఊరికే ఆడి పెట్టిన మనిషితో అలాగేనా మాట్లాడేది? ఇంక మన గుమ్మం ఎవరూ తొక్కరు."

నిజానికి ఆ మనిషి అక్కడితో వదిలేసి ఉంటే తప్పు పట్టేవాళ్ళెవరూ లేరు. కాణీ ఖర్చులేని ఆట, మాట పడవలసిన అవసరమూ లేదు. కానీ మర్నాడు సాయంత్రానికి ముసలి నక్క దగ్గర్నుంచి జవాబు వచ్చింది. బావమరిది గొంతు సవరించుకుని చదివాడు.

"మీరన్నారని మళ్ళీ ఆడాను. నేను పట్టుకోవడంలోనే లోపం ఉందేమోనని రకరకాలుగా పట్టుకుని చూశాను. రెండు కళ్ళూ తెరిచి కాలిస్తే కుడికి పోయింది. ఎడమ కన్ను మూసి కాల్చినా కుడికే పోయింది. కుడి కన్ను మూసి కాలిస్తే మాత్రం వచ్చిన గిన్నె వచ్చినట్టు పగిలింది. మా ఇంట్లో ఇంకొకరి చేత కూడా ఆడించాను, అంతే. అంచేత మీ మాటా నిజమే, నా మాటా నిజమే. దీన్ని సరిచేసిన వారు ఎడమ కంటితో గురి చూస్తారనుకుంటాను. మాలో ఎక్కువమంది కుడి కంటివాళ్ళం. కాస్త మమ్మల్ని కూడా కనిపెట్టుకోండి. ఆట చాలా బాగుంది."

"చూశావా, ఎంత ఓపికో!" అన్నాడు బావమరిది. "ఆ మెచ్చుకున్న ఒక్కరూ ఎడమ కంటివారన్నమాట. నువ్వూ అంతే."

"నేను ఎడమ కంటివాణ్ణి కాదు," అన్నాడు అద్దాలాయన. "ఇన్నేళ్ళూ ప్రతి అద్దాన్నీ కుడి కంటి ముందు పెట్టే చూశాను. నా కన్ను నాకు తెలియదా?"

"తెలిస్తే చూపించండి, గొడవ వదులుతుంది," అంది భార్య.

తేల్చుకోవడానికి షాపులో చేసే పని ఒకటి ఉంది. రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతులు కలిపి మధ్యలో చిన్న సందు వదలాలి. ఆ సందులోంచి దూరంగా ఉన్న దేన్నైనా చూడాలి. తర్వాత ఒక్కొక్క కన్నే మూయాలి. ఏ కన్ను మూస్తే ఆ వస్తువు మాయమవుతుందో, ఆ మనిషి ఆ కంటితో గురి చూస్తున్నట్టు. అద్దాలాయన లేచి, సందులోంచి గోడ మీది గడియారాన్ని చూశాడు. కుడి కన్ను మూశాడు. గడియారం ఉన్నచోటే ఉంది. ఎడమ కన్ను మూశాడు. సందులో వట్టి గోడ.

చేతులు దించి, మళ్ళీ ఎత్తి, మళ్ళీ చూశాడు. అదే వరస.

"ఓడిపోయావు బావా," అని బావమరిది నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయాడు.

"ఏమైంది?" అంది భార్య.

"కుర్రవాడిగా పనిలో చేరిన కొత్తలో ఇలాగే చూసుకున్నాను. అప్పుడు కుడి కన్నే." ఆయన కుర్చీలో కూర్చున్నాడు. "ఈ వయసులో కన్ను ఊరికే పక్క మారదు. కుడిదానికి ఏదో అయింది. అందుకే ఎడమది ముందుకొచ్చింది."

"మరి ఇన్నాళ్ళూ మీకు తెలియలేదూ?"

"రెండూ తెరుచుకునే కదా తిరుగుతున్నాను. ఒకటి తగ్గితే రెండోది సర్దుకుంటుంది. ఎలా తెలుస్తుంది?"

భార్య, "రేపు షాపు తలుపు తియ్యగానే ముందు మీరు కూర్చోండి ఆ కుర్చీలో," అంది. "కూర్చోకపోతే నేనే వచ్చి కూర్చోబెడతాను. నలుగురిలో బాగుండదు."

మర్నాడు కూర్చున్నాడు. ఎడమ కన్ను మూసి పలకకేసి చూశాడు. అక్షరాలు కనిపించాయి. కనిపించాయి కాని, మధ్యలో కొన్నిటి మీద ఎవరో నూనె వేలు రాసినట్టుంది. ఇన్నాళ్ళ అలవాటు కొద్దీ అద్దం మీద మరకేమోనని చెయ్యి ఎత్తాడు. కంటికి, పలకకు మధ్య అద్దమే లేదు.

షాపు పైఅంతస్తులో కంటి డాక్టరమ్మ ఉంటుంది. ఆవిడ రాసిన చీటీలే రోజూ కిందికి దిగి ఆయన మర మీదికి వస్తాయి. ఆ రోజు చీటీ బదులు మనిషే పైకి వెళ్ళాడు. ఆవిడ కంట్లో చుక్కలు వేసి, ఒత్తిడి కొలిచి, ఒక యంత్రం ముందు కూర్చోబెట్టి వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా మీట నొక్కమంది. కుడి కంటి వంతు వచ్చినప్పుడు మీట చాలాసేపు ఊరుకుంది.

"నీటికాసులు," అంది డాక్టరమ్మ. "కంటి లోపల ఒత్తిడి పెరిగి నరం కొద్దికొద్దిగా చచ్చిపోతుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. కుడి కంట్లో కొంత పోయింది. పోయింది తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు. ఎడమది ఇంకా బాగానే ఉంది, కానీ దానికీ ఒత్తిడి మొదలైంది. ఎవరు పంపారు మిమ్మల్ని? ఈ దశలో ఎవరూ రారు. అంతా చీకటయ్యాకే వస్తారు."

"నక్క పంపిందమ్మా," అన్నాడు ఆయన.

ఆవిడ పెన్ను కింద పెట్టి చూసింది. ఆయన ఆట సంగతి మొదటినుంచీ చెప్పాడు. బయట వరసలో కూర్చున్నవాళ్ళు విసుక్కుంటున్నా ఆవిడ చివరిదాకా విన్నది. విని, "మీ అంత మొండివాళ్ళు నా దగ్గరికి రోజూ వస్తారు. ఆ నక్కంత ఓపికమంతులు ఎవరూ రాలేదు," అంది.

మెట్లు దిగేటప్పుడు ఆయనకు భయం వేసింది. ఎప్పుడూ లేనిది మెట్ల కమ్మీ పట్టుకున్నాడు. ఇంకొన్నాళ్ళు ఇలాగే గడిచి ఉంటే? మర ముందు కూర్చుని, చెయ్యి మీద ఉన్న నమ్మకంతో రోజులు నెట్టుకొచ్చి, ఒక రోజు ఎడమది కూడా మసకేస్తే? ఆ ఆలోచన వదిలించుకోవడానికి తిన్నగా గదిలోకి వెళ్ళి మర తిప్పాడు. అప్పుడు ఆయనకు ముందుగా గుర్తొచ్చింది డాక్టరమ్మ కాదు. "మీరు సరిగ్గా పట్టుకోండి" అని తాను కొట్టిన మాట, దానికి ఆ మనిషి కోపం తెచ్చుకోకుండా ఒక సాయంత్రం ధారపోసి, తన మాటా నిజమేనని ఒప్పుకుంటూ రాసిన జవాబు. ముసలి నక్క ఒక్కరే కాదు. కిటికీ పిల్లి మొదలుకుని అందరూ ఒకే మాట అన్నారు కాబట్టే బావమరిది పట్టు వదల్లేదు. వాళ్ళలో సగంమంది మొహమాటానికి బాగుందని రాసి పోయి ఉంటే, ఆయనే గెలిచేవాడు. గెలిచి కన్ను పోగొట్టుకునేవాడు.

ఇప్పుడు రోజూ పొద్దునా సాయంత్రమూ చుక్కలు. వేసేది భార్య. "పైకి చూడండి. రెప్ప కొట్టకండి. కొట్టారా, అయితే మళ్ళీ వేస్తాను," అని పిల్లాడికి పాలు పట్టినట్టు వేస్తుంది. డాక్టరమ్మ దగ్గరికి మళ్ళీ వెళితే కుడి కంటి పటం ముందున్నట్టే వచ్చింది, ఇంకేమీ పోలేదు. ఆయన పని ఆయన చేస్తున్నాడు. కొత్తగా వచ్చిన జబ్బు ఒకటే: ఫ్రేము మరలు బిగించుకోవడానికి వచ్చినవాళ్ళను కూడా పరీక్ష కుర్చీలోకి తోస్తున్నాడు. బావమరిదిని మొదటిరోజే కూర్చోబెట్టాడు. అతని కళ్ళు భేషుగ్గా ఉన్నాయి, లోపమంతా కడుపులోనే ఉందని తేల్చాడు.

ఆటలో గురిని మళ్ళీ తిన్నగా పెట్టారు. అంతటితో ఆగలేదు, ఇంకో వంటిల్లు కూడా కలిపారు. ఆట మొదట్లో ఇప్పుడు ఒక కప్పు వచ్చి ఏ గొడవా చేయకుండా గాల్లో నిలబడుతుంది. దాని మీద చుక్క పెట్టి కాలిస్తే, ఆ మనిషి ఏ కంటితో చూస్తున్నాడో ఆట పట్టుకుని గుండు దారిని దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. ఆ ఆలోచన అద్దాలాయనది, లెక్క బావమరిదిది.

కొత్త ఆట పెట్టిన రోజు ఆయన ముసలి నక్క మాటల కింద జవాబు రాశాడు. టైపు చేయడం బావమరిదికి ఇవ్వలేదు. ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ తనే కొట్టాడు.

"మీరు అయ్యగారో అమ్మగారో తెలియదు. ఆ రోజు దురుసుగా రాశాను, క్షమించండి. మీరు చెప్పిన తర్వాత కన్ను చూపించుకున్నాను. కుడి కన్ను నెమ్మదిగా పోతోందట. ఇప్పుడు మందు వేస్తున్నారు, ఆగింది. నేను కళ్ళజోళ్ళ అద్దాలు చేసి బతికేవాణ్ణి. మీరు ఆ సాయంత్రం నాకోసం ఖర్చు పెట్టకపోతే నాకు తెలిసేది కాదు. మీకూ, గురి బాగాలేదని రాసిన అందరికీ దణ్ణం పెడుతున్నాను."

పంపాక, షాపు నుంచి రాగానే ఫోను చూడమని రెండురోజులు బావమరిది ప్రాణం తీశాడు. మూడోనాడు అతనే నవ్వుకుంటూ వచ్చాడు.

"వచ్చింది బావా. విను. 'కన్ను నిలిచినందుకు చాలా సంతోషం. చుక్కలు మానకండి. కొత్త గురి బ్రహ్మాండంగా ఉంది, మా ఇంట్లో అందరికీ కుదిరింది. ఒక్క మాట. రెండో వంటింట్లో పెద్ద గంగాళం అలమర తలుపు తెరుచుకోకుండానే చెక్కలోంచి దూసుకొస్తోంది. పైగా దాన్ని ఎడమ పక్కనుంచి కాలిస్తే పగలదు. రెండుసార్లు చూసే చెబుతున్నాను.' అంతే. నీ కన్నుకి ఒక ముక్క, గంగాళానికి నాలుగు ముక్కలు."

"మంచి మనిషి," అన్నాడు అద్దాలాయన. "ఏదీ, ఆ హెడ్‌సెట్ ఇలా ఇవ్వు. గంగాళం సంగతి చూద్దాం."